రేసుల్లో రైతు బిడ్డ

స్కాట్లాండ్‌లో ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గరగా చర్న్‌సైడ్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊరి చర్చి ఆవరణలో ఒక సమాధి. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన కారు రేసర్ అక్కడ ఉన్నాడు. అమెరికాలో ఇండియానాపోలిస్ 500 గెలిచిన మనిషి. బ్రిటన్ ప్రభుత్వం బిరుదు కూడా ఇచ్చింది. ఇవన్నీ రాయి మీద చెక్కే ఉన్నాయి. కానీ పేరూ బిరుదూ అయ్యాక మొదట కనబడేది రైతు అనే మాట, దాని వెంటే పొలం పేరు. ప్రపంచ చాంపియన్ అన్నది ఆ తర్వాతి వరసలో ఉంది.

ఆయన పేరు జిమ్ క్లార్క్. చనిపోయి యాభై ఏళ్లు దాటింది. షూమాకర్, హామిల్టన్ పేర్లు తెలిసినంతగా మన కుర్రాళ్లకు ఈ పేరు తెలీదు. మనం ఉండే ఈ గల్ఫ్‌లో ఫార్ములా వన్ 2004లో బహ్రెయిన్‌కి, 2009లో అబుదాబికి వచ్చింది. మనలో చాలామందికి ఆ రేసులంటే కంచె ఇవతల నిలబడి వినే మోతే. లోపలికెళ్లి చూద్దామంటే టికెట్ రేటు విని వెనక్కి తిరగాలి. ఆ ఆటలో ఒక పల్లెటూరి గొర్రెల రైతు ఒకప్పుడు అందరికన్నా ముందు నిలిచాడంటే నమ్మబుద్ధి కాదు. ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది అందుకే.

నలుగురు అక్కల తమ్ముడు

క్లార్క్ 1936 మార్చి 4న స్కాట్లాండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో కిల్మనీ అనే చోట పుట్టాడు. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క మగబిడ్డ. అలాంటి పిల్లాడి మీద ఇంట్లో ఎన్ని ఆశలుంటాయో, ఎంత భయం ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా! ఆయనకు ఆరేళ్లప్పుడు, 1942లో, కుటుంబం బెర్విక్‌షైర్‌లో డన్స్ దగ్గర ఎడింగ్‌టన్ మెయిన్స్ అనే పెద్ద పొలానికి మారింది. వెయ్యి ఎకరాలు దాటిన కమతం. గొర్రెలు, పశువులు, పంటలు. అంటే పేద ఇల్లు కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మంచి బోర్డింగ్ స్కూల్లో చదివించారు. కానీ 16 ఏళ్లకే చదువు మాన్పించి పొలంలోకి దింపారు. కొడుకు పొలం చూసుకోవాలి, అంతే. ఇంకో ఆలోచన ఆ ఇంట్లో లేదు.

కుర్రాడికి మాత్రం బండ్ల పిచ్చి పట్టింది. మొదట తన సొంత కారుతో చుట్టుపక్కల జరిగే చిన్న చిన్న ర్యాలీలకు వెళ్లేవాడు. 1956లో క్రైమండ్ అనే పాత విమానాశ్రయం మీద జరిగిన పోటీలో మొదటిసారి రేసు నడిపాడు. కారు సొంతం కాదు, ఇయాన్ స్కాట్ వాట్సన్ అనే స్నేహితుడిది. డీకేడబ్ల్యూ అని చిన్న జర్మన్ కారు. ఈ సంగతి ఇంట్లో తెలీదు. తెలిశాక తల్లిదండ్రులు ఒప్పుకున్నదీ లేదు. కొడుకు ప్రపంచ చాంపియన్ అయినా వాళ్లకు ఆ ఆట నచ్చలేదు.

స్నేహితులే ఆయన్ని ముందుకు తోశారు. ఈ కారు నడిపి చూడు, ఆ కారు నడిపి చూడు అంటూ. 1958 క్రిస్మస్ మర్నాడు లండన్ దగ్గర బ్రాండ్స్ హాచ్‌లో ఒక చిన్న రేసు జరిగింది. లోటస్ కంపెనీ యజమాని కోలిన్ చాప్‌మన్ స్వయంగా నడుపుతున్నాడు. క్లార్క్ అతని వెనకే రెండో స్థానంలో వచ్చాడు. చాప్‌మన్ ఆ కుర్రాడిని మరిచిపోలేదు. 1960లో ఫార్ములా వన్‌లోకి తీసుకున్నాడు. అప్పటి నుంచి చచ్చేదాకా క్లార్క్ ఫార్ములా వన్ నడిపిందంతా లోటస్‌కే.

ఆ రోజుల్లో రేసు అంటే ప్రాణాలతో ఆట అన్నది మాట వరసకు కాదు. 1960 జూన్‌లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద క్లార్క్‌కి అది రెండో గ్రాండ్ ప్రి. ఆ ఒక్క రేసులోనే ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. అందులో అలన్ స్టేసీ క్లార్క్ జట్టు మనిషే. రెండోవాడు క్రిస్ బ్రిస్టో. ట్రాక్ మీద పడి ఉన్న బ్రిస్టో శరీరాన్ని క్లార్క్ కారు దాదాపు తాకబోయింది. మర్నాడు ఉదయం పొలానికి పోయి మళ్లీ రేసు మొహం చూడకపోయినా ఎవరూ తప్పు పట్టరు. క్లార్క్ నిలబడ్డాడు. స్పా అంటే ఆయనకు జీవితాంతం అసహ్యం. అదే స్పాలో 1962 నుంచి 1965 దాకా వరసగా నాలుగేళ్లు గెలిచాడు.

మరుసటేడు ఇటలీలోని మోంజాలో ఇంకా ఘోరం. జర్మన్ డ్రైవర్ వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్ కారు, క్లార్క్ కారు ఒకదానికొకటి తగిలాయి. ఫాన్ ట్రిప్స్ కారు గట్టు ఎక్కి జనం మీదికి పోయింది. అతనితో పాటు 15 మంది ప్రేక్షకులు పోయారు. ఇటలీలో విచారణ ఏళ్ల తరబడి క్లార్క్ వెంట పడింది. పని చేసే చోట ప్రమాదం చూసినవాళ్లకు తెలుసు, తప్పు మనది కాకపోయినా ఆ రాత్రి నిద్ర రాదు. ఆ తర్వాత చాలా రాత్రులూ రాదు. ఆ పైన పరాయి దేశంలో పోలీసులు, కాగితాలు. అదంతా మోస్తూనే ఆయన నడిపాడు.

1963లో పది రేసుల్లో ఏడు గెలిచి మొదటిసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇంటి కారుతో చాంపియన్

చాలామంది క్లార్క్ గురించి రాసేటప్పుడు ఫార్ములా వన్ లెక్కలు చెప్పి ఊరుకుంటారు. నాకు మాత్రం 1964 మీదే మనసు. ఆ ఏడు ఆయన బ్రిటిష్ సలూన్ కార్ చాంపియన్‌షిప్ గెలిచాడు. సలూన్ అంటే మనకి జుట్టు కత్తిరించే షాపు గుర్తొస్తుంది! అక్కడ మాత్రం పైకప్పు, తలుపులు, వెనక డిక్కీ ఉన్న మామూలు ఇంటి కారు. 1958లో మొదలైన పోటీ ఇది. ఇప్పుడు బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ అంటున్నది దీన్నే.

ఇందులో జనం తమ వీధిలో చూసే కార్లే పరుగెత్తుతాయి. చిన్న మినీ, పెద్ద అమెరికన్ కారు అన్నీ ఒకే ట్రాక్ మీద, ఒకే రేసులో. అలాగైతే చిన్న కారువాడు ఎప్పటికి గెలుస్తాడు అంటారా? దానికో పద్ధతి పెట్టారు. ఇంజిన్ సైజును బట్టి కార్లను తరగతులుగా విడగొట్టారు. నీ తరగతిలో నువ్వు ఎన్నోవాడివి అన్నదాన్ని బట్టి పాయింట్లు. ఏడాది చివర అందరి పాయింట్లూ ఒకే పట్టికలో కూడతారు. అందుకే అక్కడ మినీ నడిపేవాడు కూడా చాంపియన్ కావచ్చు. నా మటుకు నాకు ఇంతకన్నా న్యాయమైన లెక్క కనబడలేదు.

క్లార్క్ కారు ఫోర్డ్ కోర్టీనా. మనకి ఒకప్పుడు అంబాసిడర్, ఫియట్ ఎలాగో ఇంగ్లండ్ మధ్యతరగతి ఇంటికి కోర్టీనా అలాగ. దానికి లోటస్ వాళ్లు 1558 సీసీ ఇంజిన్ పెట్టారు. బరువు తగ్గించడానికి తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతో చేశారు. తెల్ల రంగు వేసి పక్కన ఆకుపచ్చ చార గీశారు. అయితే రేసులో దింపాలంటే వెయ్యి కార్లు తయారు చేసి చూపించాలని నిబంధన. రేసు కోసం ప్రత్యేకంగా ఒక్క కారు చేసుకొచ్చి గెలిచేసి వెళ్లడం కుదరదన్న మాట. వెనక సస్పెన్షన్ కొత్త పద్ధతిలో బిగించారు గానీ అది డిఫరెన్షియల్ దగ్గర ఆయిల్ కార్చేది. మెకానిక్ పని తెలిసినవాళ్లు చదివితే నవ్వుకుంటారు. లోటస్ కార్లకు వేగం ఎంత ఉందో ఆయిల్ గొడవ కూడా అంతే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఎదురుగా ఎవరు? ఏడు లీటర్ల ఇంజిన్ ఉన్న ఫోర్డ్ గెలాక్సీ. ఐదు మీటర్లు దాటిన అమెరికన్ కారు, నాలుగు కోర్టీనాలను కలిపితే వచ్చేంత ఇంజిన్! అది నడిపే జాక్ సియర్స్ అంతకు ముందు ఏడాది, 1963లో, చాంపియన్. విచిత్రం చూడండి, సియర్స్ కూడా నార్ఫక్‌లో వ్యవసాయం చేసుకునే మనిషే. ఇద్దరు రైతులు ట్రాక్ మీద కొట్లాడుకుంటుంటే లండన్ జనం టికెట్ కొనుక్కుని చూశారు.

తిన్నటి దారిలో గెలాక్సీని పట్టుకోవడం కోర్టీనా వల్ల కాదు. లారీ ముందు ఆటోలాగే. కానీ మలుపు వచ్చిందంటే కథ మారేది. గెలాక్సీ అంత బరువు ఆపుకోవాలి, తిప్పుకోవాలి. క్లార్క్ మాత్రం కోర్టీనాను అడ్డంగా జారనిచ్చి దాటించేవాడు. లోపలి వైపు ముందు చక్రం నేల వదిలేసి గాల్లోకి లేచేది. స్తంభం దగ్గర కుక్క కాలెత్తినట్టు! మూడు చక్రాల మీద మలుపు తిరిగే ఆ తెల్ల కారు ఫొటో ఇప్పటికీ పాత కార్ల పుస్తకాల్లో కనబడుతుంది. చూసేవాళ్లకు బోల్తా పడుతుందేమోనని గుండె ఆగేది. లోపల స్టీరింగ్ పట్టుకున్న మనిషి మాత్రం ఏమీ జరగనట్టు కూర్చునేవాడు.

ఆ ఏడాది మార్చి 14న స్నెటర్టన్‌లో మొదలై సెప్టెంబర్ 19న ఓల్టన్ పార్క్‌లో ముగిసేదాకా మొత్తం ఎనిమిది రేసులు. ఎనిమిదింట్లోనూ క్లార్క్ తన తరగతిలో మొదటివాడు. మూడు రేసుల్లో అయితే తరగతి మాట పక్కనపెట్టి, గెలాక్సీలతో సహా మొత్తం అందరినీ దాటేసి గెలిచాడు. చివరికి 48 పాయింట్లు. రెండో స్థానం మినీ నడిపిన జాన్ ఫిట్జ్‌పాట్రిక్‌ది. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్, ఈ సలూన్ చాంపియన్‌షిప్ రెండూ గెలిచినవాడు అప్పటికీ ఇప్పటికీ క్లార్క్ ఒక్కడే.

ఇది ఖాళీగా కూర్చుని చేసిన పని కాదు. ఒక్క మే నెల చూద్దాం. 2న సిల్వర్‌స్టోన్‌లో కోర్టీనా. 10న మొనాకోలో ఫార్ములా వన్. 18న లండన్ నగరంలోనే క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో మళ్లీ కోర్టీనా. రెండు కిలోమీటర్ల పైచిలుకు చిన్న ట్రాక్ అది, అక్కడ మొత్తం మీద ఆయనే మొదటివాడు. 24న హాలండ్‌లో ఫార్ములా వన్, అదీ గెలిచాడు. 30న సముద్రం దాటి అమెరికాలో ఇండియానాపోలిస్. అక్కడ అందరికన్నా ముందు వరసలో మొదలుపెట్టాడు గానీ టైరు చెడి, దాంతో సస్పెన్షన్ పోయి మధ్యలోనే ఆగాడు. ఆ రేసు మొదట్లోనే మంటలు లేచి ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. నెలలో మూడు రకాల కార్లు, నాలుగు దేశాలు. ప్రపంచ చాంపియన్ అయ్యాక ఇంటి కారు రేసులు ఎందుకు అనుకోలేదు. ఆ కారు నడపడం ఆయనకు నిజంగా సరదా.

చేతి పని ఎలా ఉండేదంటే, క్లార్క్ నడిపిన కారుకు బ్రేకులు, టైర్లు మిగతావాళ్ల కార్లకన్నా తక్కువ అరిగేవని మెకానిక్‌లు గమనించారు. కారును బాదడు, కొట్టడు, లాగడు. మన సైట్లలోనూ చూస్తుంటాం కదా, ఒకే మెషిన్ ఒకరి చేతిలో ఆరు నెలలకు మూలపడుతుంది, ఇంకొకరి చేతిలో మూడేళ్లు నడుస్తుంది. కారు దిగితే మాత్రం ఈయన వేరే మనిషి. సిగ్గరి. గోళ్లు కొరుక్కునే అలవాటు. ఎక్కడ భోంచేద్దాం అంటే తేల్చుకోలేడు. వేరేవాళ్లు కారు నడుపుతుంటే పక్కన కూర్చుని కంగారుపడేవాడు.

చివరి ల్యాప్

ఆయిల్ మాట మళ్లీ వస్తుందన్నాను. 1962 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్‌లో ఆఖరి రేసు. గెలిస్తే ప్రపంచ చాంపియన్. క్లార్కే ముందున్నాడు. ఒక చిన్న బోల్టు ఊడిపోయి ఆయిల్ కారిపోయింది. బండి ఆగింది. గ్రాహం హిల్ చాంపియన్ అయ్యాడు. 1964 అక్టోబర్ 25న మెక్సికోలో మళ్లీ అదే. మొదటి నుంచీ క్లార్కే ముందు. గెలిస్తే వరసగా రెండోసారి కిరీటం. ఆఖర్లో ఆయిల్ కారడం మొదలైంది. ఇంకొక్క ల్యాప్ ఉందనగా ఇంజిన్ చేతులెత్తేసింది. ఫెరారీ నడిపిన జాన్ సర్టీస్, హిల్ కన్నా ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో చాంపియన్ అయ్యాడు. క్లార్క్ మూడో స్థానానికి జారిపోయాడు. బోల్టు బిగించేటప్పుడు ఇంకోసారి చూడవోయ్ అని కుర్రాళ్లకి చెబితే విసుక్కుంటారు. వాళ్లకి ఈ కథ చెప్పాలి.

అలా ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ ఒక్క ల్యాప్ దూరంలో జారిపోయింది. చేతిలో మిగిలింది సెప్టెంబర్‌లోనే గెలుచుకున్న ఇంటి కారు చాంపియన్‌షిప్ ఒక్కటే.

మరుసటేడు అన్నీ కలిసొచ్చాయి. 1965లో ఇండియానాపోలిస్ కోసం మొనాకో రేసే వదులుకున్నాడు. 200 ల్యాపుల్లో 190 ల్యాపులు తానే ముందుండి గెలిచాడు. దాదాపు 800 కిలోమీటర్ల రేసు, సగటు వేగం గంటకు 240 కిలోమీటర్ల పైన. ఇంజిన్ వెనక ఉన్న కారు అక్కడ గెలవడం అదే మొదలు. ఆ ఏడే రెండోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆరు రేసులు గెలిచాడు.

పొలానికి దూరంగా

ఇన్నాళ్లూ రేసు అయిపోగానే ఎడింగ్‌టన్ మెయిన్స్‌కి వచ్చేసేవాడు. గొర్రెలు చూసుకునేవాడు, పంట చూసుకునేవాడు. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే తను రైతునే అనుకునే రకం. కానీ డబ్బు పెరిగేకొద్దీ బ్రిటన్‌లో పన్నులు మరీ ఎక్కువ కట్టాల్సొచ్చింది. ఆ కాలంలో పెద్ద ఆదాయం ఉన్నవాళ్లకి అక్కడ పన్ను మామూలుగా ఉండేది కాదు. చివరికి 1967 నాటికి దేశం బయట ఉండాల్సి వచ్చింది. బెర్ముడా అన్నారు, పారిస్‌లో ఒక ఫ్లాటు అన్నారు. సొంత దేశంలో ఏడాదికి ఇన్ని రోజులకు మించి ఉండకూడదని లెక్క. సంపాదించింది నిలవాలంటే పొలానికి రాకూడదు. పొలానికొస్తే సంపాదన పన్నులకు పోతుంది.

మనం సెలవు రోజులు క్యాలెండర్ మీద గీతలు గీసుకుని లెక్కపెట్టుకుంటాం. కోటీశ్వరుడైన క్లార్క్ కూడా అలాగే లెక్కపెట్టుకున్నాడంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. మన కష్టం, ఆయన కష్టం ఒకటే అని నేననను. ఆయన ఖరీదైన ఫ్లాటులో ఉన్నాడు, మనం క్యాంపు గదిలో ఉన్నాం. కాకపోతే పొలం మీద బెంగకి జీతం స్లిప్పుతో పనిలేదు.

ఆ 1967లోనే మోంజాలో ఒక రేసు నడిపాడు. ఆరేళ్ల కింద ఫాన్ ట్రిప్స్ పోయిన ఆ మోంజాలోనే. మొదట్లో టైరు పంక్చరై ఒక ల్యాప్ మొత్తం వెనకబడ్డాడు. అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ పోయిన ల్యాప్ అంతా తిరిగి సంపాదించి, ఒక్కొక్కరినీ దాటుకుంటూ మళ్లీ మొదటి స్థానానికి వచ్చేశాడు. ఆఖరి ల్యాప్‌లో ఇంజిన్‌కి పెట్రోలు సరిగ్గా అందలేదు. మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. గెలవని రేసే, కానీ ఆయన్ని చూసినవాళ్లు ముందుగా చెప్పుకునేది దీని గురించే.

1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో గెలిచాడు. అది 25వ గ్రాండ్ ప్రి గెలుపు. అర్జెంటీనా వీరుడు ఫాంజియో పేరున ఉన్న 24 రికార్డు చెరిగిపోయింది. మొత్తం 72 రేసులు మొదలుపెట్టి 25 గెలవడం, 33 సార్లు అందరికన్నా ముందు స్థానం నుంచి మొదలుపెట్టడం. ఆ 25 గెలుపుల రికార్డును తోటి స్కాట్లాండ్‌వాడు, స్నేహితుడు అయిన జాకీ స్టీవర్ట్ 1973లో దాటాడు.

హాకెన్‌హైమ్ చెట్లు

1968 ఏప్రిల్ 7, ఆదివారం. జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ రేసు. ప్రపంచ చాంపియన్‌షిప్‌తో సంబంధం లేని చిన్న రేసు. వాన పడి ట్రాక్ తడిసి ఉంది. అడవి మధ్య నుంచి పోయే పొడుగాటి దారి, రెండు వైపులా చెట్లు. ఐదో ల్యాప్‌లో క్లార్క్ కారు ఉన్నట్టుండి అదుపు తప్పి చెట్లను కొట్టింది. దగ్గర్లో వేరే కారు లేదు. వెనక టైరులో గాలి పోవడం వల్లనే అయి ఉంటుందని చాలామంది నమ్మకం. ఇదమిత్థంగా ఎవరూ తేల్చలేదు. 32 ఏళ్లు. పెళ్లి కాలేదు.

ఆ చెట్లకు ముందు కనీసం ఇనుప రెయిలింగ్ కూడా లేదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన పోయే కార్లకూ చెట్లకూ మధ్య అడ్డు ఏమీ పెట్టలేదు. సైట్‌లో ఒక అంతస్తు ఎత్తుకే హ్యాండ్ రెయిల్ లేకపోతే పని ఆపించే రోజులివి, అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు. ఎంత జాగ్రత్తగా నడిపేవాడైనా పోవచ్చన్న సంగతి తోటి డ్రైవర్లకు ఆ రోజు తెలిసొచ్చింది. ఎందుకంటే వాళ్లందరిలో తప్పు చేయనివాడని పేరు క్లార్క్‌కే. తర్వాత హాకెన్‌హైమ్‌లో రెయిలింగులు వేశారు, వేగం తగ్గించడానికి మలుపులు పెట్టారు. ఒక మలుపుకి ఆయన పేరే పెట్టారు. ట్రాకుల్లో భద్రత కోసం జాకీ స్టీవర్ట్ ఏళ్ల తరబడి పోట్లాడాడు, యజమానుల చేత తిట్లు తిన్నాడు. ఈ రోజు మనం అబుదాబిలో చూసే వెడల్పాటి ఖాళీ జాగాలు, టైర్ల గోడలు, కంచెలు ఆ పోట్లాట వల్ల వచ్చినవే. హాకెన్‌హైమ్ అడవి దారిని 2002లో తీసేశారు. అక్కడ మళ్లీ చెట్లు నాటారు.

క్లార్క్‌ని సొంత ఊరికే తీసుకొచ్చి చర్న్‌సైడ్‌లో పూడ్చిపెట్టారు. పన్నుల లెక్క లేకుండా ఆయన ఆ నేల మీదికి రావడం అలా జరిగింది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌ని గ్రాహం హిల్ లోటస్ కారుతోనే గెలిచాడు.

ఊళ్లో ఆయన గుర్తుగా ఒక గడియార స్తంభం ఉంది. పక్కనున్న డన్స్ పట్నంలో ఆయన గెలిచిన కప్పులు, బహుమతులు పెట్టిన చిన్న గది ఎన్నో ఏళ్లు నడిచింది. దాని స్థానంలో 2019లో పెద్ద మ్యూజియం తెరిచారు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఎడిన్‌బరో వైపు వెళ్తే చూడొచ్చు, అక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. రైల్లో వెళ్లేవాళ్లు బెర్విక్ స్టేషన్‌లో దిగడం మేలు. చర్న్‌సైడ్ చర్చి కూడా ఆ దారిలోనే వస్తుంది.